మూడో గదిలో ఎవరూ లేరు

ఉదయం పదకొండూ పదికి శీతల గిడ్డంగి మూడో గది తలుపు దానంతటదే మూసుకుని తాళం పడింది. లోపలికి వెళ్లింది ఇద్దరు. సరుకు జాబితా మరిచిపోయానంటూ స్టోర్ కీపర్ బయటికి వచ్చాడు. ఇంకొకరు లోపలే ఉన్నారు. తలుపు పక్కన తెర మీద 'ఎవరూ లేరు' అని ఉంది.

లోపల సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. దీపాలు ఆరిపోయాయి. లోపలి పిడి మంచు కట్టి కదలడం లేదు.

తలుపు ప్రోగ్రాం రాసిన అమ్మాయికి స్టోర్ కీపర్ ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"తాళం తియ్యాలంటే నీ బొటనవేలు కావాలంటోందమ్మా."

"తెలుసు బాబాయ్. ఆ రూలు నేనే పెట్టాను."

మెకానిక్ రావడానికి గంట పడుతుందన్నారు. స్టోర్ కీపర్ ఫోన్ జేబులో వేసుకుని ఇరవై నిమిషాలు గడ్డపారతో కుస్తీ పట్టాడు. తలుపు కదల్లేదు.

మళ్లీ ఫోన్ చేస్తే, తప్పు ఎక్కడో ఆమె చెప్పింది. ప్రోగ్రాంలో వేరియబుల్ అంటే పేరు రాసిన డబ్బా. అందులో ఏది పడుతుందో ముందే నిర్ణయించాలి. లోపల మనుషులున్నారా అనే ఈ డబ్బాలో అవును, కాదు తప్ప ఇంకేమీ పట్టవు. ఎవరు లోపలికెళ్లినా 'అవును'. ఎవరు బయటికొచ్చినా 'కాదు'. ఒకరు బయటికి రాగానే గది ఖాళీ అనుకుంది తలుపు.

"అంకె పట్టే డబ్బా పెట్టమని ఆ రోజే మొత్తుకున్నాను. తలుపుకి తలలు లెక్కపెట్టే పని దేనికన్నావు," అన్నాడు స్టోర్ కీపర్.

"అన్నాను."

"ఇప్పుడు నీ తలుపు లెక్కలో ఒక తల గల్లంతు."

దగ్గర్లో చీపురుందా అని ఆమె అడిగింది. గొంతు వణుకుతోంది.

గుమ్మానికి ఇవతలి వైపే రెండు సెన్సర్లు ఉన్నాయి. ముందు బయటిది, తర్వాత తలుపు దగ్గరిది అడ్డుపడితే మనిషి లోపలికి వెళ్లినట్టు లెక్క. డబ్బాలో 'అవును' పడితే తాళం వదులుతుంది.

స్టోర్ కీపర్ చీపురు ఆడించాడు. మొదటిసారి వరస తప్పాడు. రెండోసారి తెర మీద 'ఉన్నారు' అని పడింది.

పదకొండూ నలభై ఎనిమిదికి తలుపు తెరుచుకుంది, ఫోన్ చెవికి ఆనించుకునే ఆమె బయటికి వచ్చింది.