సగం అల్లిన తల

ఆ మధ్యాహ్నం డుఫియె ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులూ ఒక కుక్కా. ఊళ్ళో ఆడవాళ్ళకి జడలల్లే డుఫియె, ఆమె తల్లి ముసలి కొనాడు, అల్లించుకుంటూనే డుఫియె ఒళ్ళో తల వాల్చి నిద్రపోయిన పొరుగింటి పోకువా. కుక్క బల్ల కింద పడుకుంది.

సెర్వా గుమ్మం బయట నిలబడి, “అగో” అంది.

లోపలినుంచి “అమె” అనాలి. అన్నాకే గడప దాటాలి. పిన్ని అలాగే నేర్పి పెంచింది. కానీ ఎవరూ అనలేదు. కుక్క మాత్రం లేచి, తోక ముడుచుకుని, కొనాడు పీట వెనక్కి వెళ్ళి నక్కింది.

“అగో” అంది మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా.

డుఫియె చేతిలో దువ్వెన ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. పక్క పెరట్లో ఎవరో రాత్రి తిండికి ఫుఫూ దంచుతున్నారు. ఆ రోకలి చప్పుడొక్కటే వినిపిస్తోంది.

సెర్వాకి వెళ్ళిపోదామనిపించింది. ఫిర్యాదు చెయ్యడం ఆమెకి అలవాటు లేదు. కూరలో ఉప్పెక్కువైతే మంచినీళ్ళు తాగి ఊరుకునే పిల్ల. బళ్ళో ఎవరన్నా తన చోట్లో కూర్చుంటే నిలబడే పాఠం వినేది. ఇప్పుడు కూడా దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఎండ మండిపోతున్నా ఎందుకో చలిగా ఉంది. పిన్ని కుట్టించిన తెల్ల గౌనుకి వెనక హుక్కులు లేవు. జారకుండా ఒక చేత్తో దగ్గరికి పట్టుకుంది. శనివారం నాటి హడావిడిలో చెప్పులివ్వడం అందరూ మరిచిపోయారు. తెల్ల మేజోళ్ళు ఎర్రమట్టయిపోయాయి.

“డుఫియె అక్కా, నువ్వు నా తల సరిగ్గా అల్లలేదు,” అంది ఒక్క గుక్కలో.

జవాబిచ్చింది కొనాడు. “ఎక్కడ బాగాలేదమ్మా?”

“అమ్మా, నువ్వూరుకో,” అంది డుఫియె.

“నువ్వు పలకవు, నన్ను పలకనివ్వవు. కాళ్ళు పోయాయి గానీ నాకు కళ్ళు పోలేదే. ఆ పిల్ల ఎంత దూరం నుంచి నడిచొచ్చిందో. నువ్వు చెప్పమ్మా.”

“ముందంతా బాగుంది అమ్మమ్మా. పాపిళ్ళు సన్నగా తీసింది. పూసలు కూడా గుచ్చింది. వెనక మాత్రం అల్లనే లేదు. దువ్వనన్నా దువ్వలేదు. చెయ్యి పెడితే మేకల దొడ్లో గడ్డిలా ఉంది.”

కొనాడు పళ్ళులేని నోటితో నవ్వింది. “విన్నావటే నీ పనితనం? మేకలకి మేత వదిలావుట.”

డుఫియె నవ్వలేదు. ఒళ్ళో పోకువా ఎక్కడ లేస్తుందోనని గొంతు తగ్గించింది. చూపు మాత్రం దువ్వెన మీదే ఉంచింది.

“శనివారం ఊరంతా వచ్చి చూసింది కదా. ఒక్కరన్నా వంక పెట్టారా? మీ పిన్నయితే ‘నా తల్లి ఎంత అందంగా ఉందో’ అని నీ మొహం పట్టుకుని ఏడ్చింది. ఫోటోలు తీయించుకున్నారు. రోజంతా నువ్వు దిండుకి ఆనుకునే ఉన్నావు. వెనక ఎవరు చూస్తార్లే అనుకున్నా.”

“అమ్మ చూస్తుంది.”

ఆ మాటకి డుఫియె మొదటిసారి తల ఎత్తింది.

“అమ్మ దగ్గరికి వెళ్తున్నానక్కా. నన్ను పిన్నికి అప్పజెప్పి వెళ్ళినప్పుడు నేను చాలా చిన్నదాన్ని. మళ్ళీ చూడలేదు. అమ్మ సంగతి నీకు తెలుసు కదా. ఎవరి పిల్లయినా సరే, ముందు వెనక్కి తిప్పి తల చూస్తుంది. ఆ తర్వాతే మొహం. పిన్ని తను తినకపోయినా నాకు పెట్టింది. నేనిలా వెళ్తే ఏమనుకుంటుంది? చెల్లెలు నా పిల్లని గాలికొదిలేసిందనుకోదూ? పిన్నికి ఆ మాట రాకూడదక్కా.”

ఇన్ని మాటలు సెర్వా ఎప్పుడూ ఒక్కసారిగా మాట్లాడలేదు.

“కొంచెమే పని. నేను లోపలికి రాను. గడప ఇవతలే కూర్చుంటా.”

“చెయ్యవే, నువ్వు ఎగ్గొట్టిన పనేగా అడుగుతోంది,” అంది కొనాడు.

“పీట వేసి నీళ్ళిచ్చాక ఇంక ఆ పిల్ల లేచి వెళ్తుందా అమ్మా? ఈ పోకువా చూడబోతే కడుపుతో ఉంది.”

కొనాడు కుక్కని దగ్గరికి లాక్కుని నిమురుతూ కూర్చుంది.

సెర్వాకి కూర్చుకున్న మాటలన్నీ అయిపోయాయి. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. మెల్లగా వెనక్కి తిరిగి, అల్లించుకునేటప్పటిలా తల వంచి నిలబడింది. చూస్తే అక్కకే తెలుస్తుంది.

డుఫియె చూసింది. చాలాసేపు చూసింది.

పక్క పెరట్లో రోకలి ఆగింది. డుఫియె పోకువా తల కింద మడిచిన గుడ్డ పెట్టి లేచిన చప్పుడయింది. తర్వాత నూనె డబ్బా మూత తీసిన చప్పుడు. నల్లదారం ఉండ నేల మీద దొర్లిన చప్పుడు. అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. సెర్వా భుజాలు తేలికపడ్డాయి. మెడ ఇంకాస్త వంచి, కళ్ళు మూసుకుంది.

దువ్వెన తలకి తగల్లేదు. గడప ఇవతల నేల మీద ఏవో పెట్టిన చప్పుడయింది.

“అవి తీసుకెళ్ళమ్మా, నిన్ను పూడ్చింది మీ అమ్మ పక్కనే కదా, మిగతాది ఆవిడ చేతనే అల్లించుకో,” అని డుఫియె మెల్లగా తలుపు వేసేసింది.