ఎండిన చెరువులో చప్పుడు

"నాకు పిచ్చెక్కుతోందా లేదా, అదొక్కటి చెప్పండి చాలు," అన్నాడు థువాన్. కూర్చోమన్నా కూర్చోలేదు.

డాక్టర్ విన్ ఐసు కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. కాలవ ఒడ్డునున్న ఆ చిన్న ఆసుపత్రికి పొద్దుట్నుంచి దగ్గులొచ్చాయి, కాలి పుళ్లొచ్చాయి. ఇలాంటి ప్రశ్న రాలేదు.

"నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"చెరువు ఎండగట్టిన దగ్గర్నుంచి. ఇరవై రోజులు."

"రొయ్యలు బాగానే పడ్డాయన్నారుగా?"

"ఈసారి పడ్డాయి. అంతకు ముందు రెండు పంటలు పోయాయి. రాత్రి నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయి, తెల్లారి చూస్తే చెరువంతా తేలిన రొయ్యలే. అప్పట్నుంచి చెవి వాటి చప్పుడు మీదే వేసి పడుకునేవాణ్ణి. చప్పుడుంటే నిద్ర, ఆగితే మెలకువ."

"ఇప్పుడు చెరువులో నీళ్లు లేవు, చప్పుడూ లేదు. నీ ఒళ్లు మాత్రం ఇంకా కాపలా కాస్తోంది. దిగులు, అంతే తమ్ముడూ. దిగులుంటే నిద్ర పోతుంది. అంతమాత్రాన పిచ్చి కాదు."

"అంతే అయితే మీ దాకా రాను."

థువాన్ వరండా వంక చూశాడు. అక్కడ అతని భార్య లువా ఆకుల టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతను వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"పది రోజుల్నుంచి చప్పుడు వినపడుతోంది."

"ఏ చప్పుడు?"

"ఏరేటర్లదే. రెక్కలు నీళ్లను కొట్టే చప్పుడు. తల వాలిస్తే మొదలు. లేస్తే ఉండదు. బయటికెళ్లి చూస్తే చెరువు అడుగు బీటలు తీసి ఉంటుంది. మోటార్లు కొట్టులో ఉన్నాయి, తాళం నా మొలతాడుకి ఉంది. మళ్లీ వచ్చి పడుకుంటే మళ్లీ అదే."

విన్ రాస్తున్నవాడు ఆగాడు.

"మాటలేమన్నా వినపడతాయా? ఫలానా పని చెయ్యమని?"

"లేదు."

"ఎవరన్నా నీకు కీడు తలపెట్టారనిపిస్తుందా?"

"నా దగ్గర ఏముందని? బురద తప్ప."

"ఆ చప్పుడుకి భయమేస్తుందా?"

"అదే వింత. దానికి కాస్త కన్ను మూతపడుతుంది. నడిరాత్రి దాటాక టక్కున ఆగిపోతుంది. అప్పుడు గుండె గుభేలుమంటుంది. టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి పరుగు. మొన్న పక్క చెరువాయన చూసి, 'ఏమోయ్, ఎండ్రకాయలకి గాలి కొడుతున్నావా?' అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను."

"మీ ఆవిడకి వినపడుతుందా?"

"పక్కనే పడుకుంటుంది. ఒకరోజు అడిగాను, ఏమన్నా వినపడుతోందా అని. 'ఏమీ లేదు, పడుకో' అని అటు తిరిగింది."

విన్ ముఖంలో ఇందాకటి తేలికదనం లేదు. అది థువాన్ కనిపెట్టాడు.

"మా చిన్నాన్నకీ ఇలాగే మొదలైంది," అన్నాడు. "కాలవలోంచి ఎవరో పిలుస్తున్నారనేవాడు. పోయేదాకా నిట్రాటకి గొలుసేసి ఉంచారు. అన్నం నేనే పట్టుకెళ్లేవాణ్ణి. దగ్గరికెళ్లడానికి భయమేసి గిన్నె కర్రతో తోసేవాణ్ణి."

"ఈ రోజుల్లో ఎవర్నీ కట్టెయ్యరు. మందులున్నాయి."

"అంటే పిచ్చేనంటారు."

"నేననలేదు. నిద్ర లేకపోతే చెవులూ అబద్ధమాడతాయి. కాని లేని చప్పుడు పది రోజులుగా ఒకే తీరున వినపడటం నేను తేల్చేది కాదు. కామావు పట్నంలో మనసు డాక్టరు చూడాలి. చీటీ రాస్తాను, ఇంటివాళ్లు సంతకం పెట్టాలి."

"లువాకి చెప్పొద్దు."

"చెప్పకుండా ఎలా పెట్టించను?"

"నా చెయ్యి పట్టుకుని పడుకునే మనిషండీ. ఇది వింటే రేపట్నుంచి ఇంట్లో కత్తి నాకు దొరక్కుండా దాచేస్తుంది."

విన్ లేచి తలుపు తీశాడు. "లోపలికి రామ్మా."

లువా వచ్చి నిలబడింది. డాక్టరు మెల్లగా చెప్పుకొచ్చాడు. నిద్ర సంగతి చెప్పినంతసేపూ ఆమె తలూపింది. చప్పుడు మాట రాగానే ఊపడం మానేసింది. నడిరాత్రి దాటాక ఆగిపోతుందట అనేసరికి ముఖం పాలిపోయింది. టోపీ చేతిలోంచి జారి కిందపడింది. తియ్యలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

థువాన్ తన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"భయపడకు, నిన్నేమీ చెయ్యను. పిల్లల్ని తీసుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్తానంటే వెళ్లు."

ఆమె అతని వంక చూడలేదు. బల్ల మీది చీటీ వంకే చూస్తోంది.

"సంతకం ఇక్కడమ్మా," అన్నాడు విన్.

"ఆ చీటీ చింపెయ్యండి డాక్టరుగారూ," అంది లువా ఏడుపు దిగమింగుకుంటూ. "చప్పుడు లేక ఈయనకి నిద్ర పట్టట్లేదని, మా అన్నయ్య చెరువు దగ్గర ఏరేటర్ల చప్పుడు పాత ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, రోజూ అది మోగేలా ఈయన దిండు దూదిలో పెడుతున్నాను... ఆ ఫోనుకి నడిరాత్రి దాటితే చార్జింగు ఉండదు."