చచ్చినవాళ్ల డ్యూటీ

"చచ్చినవాణ్ణి, నేను పంపు ఎలా వేస్తాను బావా?" అన్నాడు పంపు ఆపరేటర్. బడి హాల్లో బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లు కూడా తెరవలేదు. అతని చేతికి నల్ల పట్టీ కట్టి ఉంది.

వార్డు ఆఫీసర్‌కి ఒళ్లు మండింది. ఇంకొకడైతే సస్పెండ్ చేస్తానని బెదిరించేవాడే. ఇతను స్వయానా భార్య తమ్ముడు. పైగా చచ్చాడు. చచ్చినవాణ్ణి ఏ రూలు కింద సస్పెండ్ చేయాలో ఆఫీసర్‌కి తెలియదు.

ఆ రోజు ఉదయం ఆరింటికి దేశం మీద అణుబాంబులు పడ్డాయి. నిజంగా కాదు, కాగితం మీద. అంత పెద్ద దాడి జరిగితే దేశం మళ్లీ లేచి నిలబడగలదా లేదా అన్నది తేల్చడానికి ప్రభుత్వం ఈ ఒక్క వార్డును ఎంచుకుంది. కంప్యూటర్ చీట్లు తీసింది. నాలుగు వందల మందిలో ముప్పై ఎనిమిది మంది బతికారు. మిగతావాళ్లంతా నల్ల పట్టీలు కట్టుకుని బడి హాల్లో పడి ఉండాలి. సాయంత్రం నాలుగింటికి రాజధాని నుంచి కార్యదర్శి మేడమ్ వస్తారు. ఆలోగా బతికినవాళ్లే నీళ్లు, కరెంటు, తిండి, వైద్యం అన్నీ సమకూర్చుకోవాలి.

కంప్యూటర్‌కి మనుషుల విలువ ఏం తెలుసు? పంపు ఆపరేటర్‌ని, లైన్‌మన్‌ని, నర్సమ్మని, వంటమనిషిని కట్టగట్టి చంపేసింది. ముగ్గురు రిటైర్డ్ హెడ్మాస్టర్లని, ఇద్దరు లాయర్లని, ఒక డాన్సు మాస్టర్‌ని, ఏడుగురు ఇన్సూరెన్స్ ఏజెంట్లని భద్రంగా బతికించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి పరిస్థితి ఇలా ఉంది. వాల్వు కుడికి తిప్పాలని ఒక హెడ్మాస్టరు, ఎడమకి తిప్పాలని ఇంకో హెడ్మాస్టరు పట్టుబట్టి, తిప్పీ తిప్పీ పిడి ఊడగొట్టారు. పొయ్యి ఎవరు వెలిగించాలన్న విషయం మీద లాయర్లు వాదించుకుని, వాయిదా వేసుకున్నారు. దుంపలు తరగబోయి డాన్సు మాస్టర్ వేలు కోసుకున్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంట్లు బడి హాల్లో తిరుగుతూ, "మేం ముందే చెప్పాం, మీరు విన్నారా?" అని శవాలను దెప్పుతున్నారు.

శవాలు మాత్రం ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకుని, గుండ్రంగా కూర్చుని పేకాడుతున్నాయి. బతికినవాళ్లు చచ్చేంత అవస్థ పడుతుంటే చచ్చినవాళ్లు దర్జాగా బతుకుతున్నారు.

డాన్సు మాస్టర్ వేలికి ఎవరో చేతిరుమాలు చుట్టబోయారు. మూల పడుకున్న నర్సమ్మ దిగ్గున లేచి కూర్చుంది.

"ఆ మురికి గుడ్డ కట్టకండి నాయనా, చీము పడుతుంది!"

"నర్సమ్మా, నువ్వు పొద్దున్నే పోయావు" అని గుర్తు చేశాడు ఆఫీసర్.

"పోతే మాత్రం? కళ్లెదుట రక్తం కారుతుంటే చూస్తూ ఊరుకోనా?" నర్సమ్మ తన నల్ల పట్టీ పీకి సంచిలో పడేసి, మందుల పెట్టె తెరిచి, నిమిషంలో కట్టు కట్టేసింది.

అది చూడగానే ఆఫీసర్ బుర్రలో దీపం వెలిగింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మలూ, అయ్యలూ! మీ కాళ్లు పట్టుకుంటాను. సాయంత్రం దాకా బతకండి. ఈ పరీక్ష తప్పితే మన వార్డు పరువు గంగలో కలుస్తుంది. నా ఉద్యోగం దాని వెంటే పోతుంది."

అందరూ పంపు ఆపరేటర్ వైపు చూశారు. అతను తాపీగా ఆవలించాడు.

"మరి పెళ్లయిన నాటినుంచి నన్ను పనికిమాలినవాడంటున్నావు కదా బావా. ఆ మాట వెనక్కి తీసుకో. ఇక్కడే, అందరి ముందు."

ఆఫీసర్ పళ్లు నూరాడు. గడియారం చూసుకున్నాడు. "తీసుకున్నాన్రా. ఈ వార్డులో నీ అంత పనిమంతుడు లేడు. లే!"

"మా అక్కతో కూడా చెప్పాలి."

"చెప్తాన్రా బాబూ, లే ముందు!"

ఆపరేటర్ పట్టీ విప్పి జేబులో కుక్కుకున్నాడు. అతని వెనకే హాలు హాలంతా లేచింది. గంటలో పంపు మోగింది. లైన్‌మన్ స్తంభమెక్కి దిగేసరికి వీధి దీపాలు పట్టపగలే వెలిగాయి. వంటమనిషి లాయర్లిద్దరి చేతా గిన్నెలు తోమించింది. చచ్చినవాళ్లు అంత హుషారుగా పనిచేయడం ఆఫీసర్ ఏనాడూ చూడలేదు. బతికున్న రోజుల్లో కూడా చూడలేదు.

నాలుగవుతుండగా పంపు ఆపరేటర్ తప్ప మిగతా శవాలన్నీ మళ్లీ పట్టీలు కట్టుకుని హాల్లో పడుకున్నాయి. సరిగ్గా నాలుగింటికి కార్యదర్శి మేడమ్ కారు దిగారు. కుళాయి తిప్పి గ్లాసుడు నీళ్లు తాగారు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నారు. డాన్సు మాస్టర్ కట్టును అటూ ఇటూ తిప్పి చూశారు. ఆవిడ కళ్లు మెరిశాయి.

"ఇదంతా ఆ ముప్పై ఎనిమిది మందే చేశారా?"

ఆఫీసర్ పక్కకి చూశాడు. అవతల పంపుహౌసు గుమ్మంలో బావమరిది ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"వాళ్లే మేడమ్. ఇంకో చెయ్యి పడలేదు."

"శభాష్! సంతకం పెట్టండి."

ఆఫీసర్ గర్వంగా సంతకం పెట్టాడు. జన్మలో మొదటిసారి బావమరిదిని కావలించుకోవాలనిపించింది. మేడమ్ ఆ కాగితాన్ని పదిలంగా మడిచి, అక్కడే నిలబడి ప్రధానమంత్రిగారికి ఫోన్ కలిపారు.

"సార్, మీరన్నదే నిజమైంది, పది గంటల్లో కోలుకున్నారు... ఇంకెందుకు సార్ భయం, రేపటి శాంతి ఒప్పందం రద్దు చేసి యుద్ధం ప్రకటించేయండి!"