ప్రాణమంతా కొసలోనే

"ఏమయ్యా మాలిక్, నీ హోం థియేటరుది ఇంకా మూగనోమేనా?"

బుల్లయ్య ఆ మాట అడగడం పదకొండోసారి. మాలిక్ టీవీ వెనక నుంచి తల బయటకు తీశాడు. వసారాలో పేర్చిన మిర్చి బస్తాల ఘాటుకు పొద్దుటి నుంచీ తుమ్మీ తుమ్మీ అతని కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. పైగా ఈ పోరొకటి. ఒళ్లు మండిపోతోంది.

"వచ్చేస్తదండీ. ఒక్క నిమిషం."

"నీ నిమిషం ఎనిమిదింటికి మొదలైంది. ఇప్పుడు పదకొండున్నర. పన్నెండింటికి చీమకుర్తి నుంచి మా బావ దిగుతాడు. వాళ్లింట్లో సినిమా పెడితే లారీ వెనక నుంచి నెత్తిమీదకొచ్చినట్టే ఉంటదంట. చెప్పి చెప్పి నా చెవులకి చిల్లులు పొడిచాడు. నాకూ ఆ లారీ కావాల. రాకపోతే సెట్టు మొత్తం నువ్వే మోసుకుపో."

సెట్టు వెనక్కి వెళితే మాలిక్ ఉద్యోగం ఊడినట్టే. పొద్దున దర్శి బస్సెక్కుతుంటే బ్రాడీపేట షాపు ఓనరు రహమాన్ ఆ ముక్క చెప్పే పంపాడు.

అసలు తప్పెక్కడుందో తెలిస్తేగా! సెట్టులో సీడీ వేస్తే ఐదు స్పీకర్లూ గోడలదిరేలా మోగుతున్నాయి. సినిమాలున్న ల్యాప్‌టాప్ తన బుల్లి గొంతుతో బాగానే అరుస్తోంది. అందులో సెట్టింగు కూడా డిజిటల్‌కే పెట్టి ఉంది. రెండిటికీ మధ్య ఆ నల్లటి ఆప్టికల్ కేబుల్ తగిలిస్తే మాత్రం చడీచప్పుడూ లేదు.

"పక్కింటోళ్లకి ఎర్ర వైరూ తెల్ల వైరూ పెట్టారు. లక్షణంగా మోగుతోంది," అన్నాడు బుల్లయ్య.

"వాటితో ముందున్న రెండు స్పీకర్లే మోగుతాయండీ. వెనక నుంచి లారీ రాదు. ఈ తీగలో కరెంటు పోదు, వెలుగు పోతుంది. ఆ వెలుగే అవతల సౌండవుద్ది."

"వెలుగు సౌండవుద్దా! షాపులో కూడా ఇట్టాగే కోతలు కోశావు. 'ప్రాణమంతా ఈ తీగ కొసలోనే ఉందండీ' అన్నావు. నేనూ నమ్మి, ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పా."

ఆ ఆవిడ, కోటిరత్నం, మజ్జిగ గ్లాసు తెచ్చి మాలిక్ చేతికిచ్చింది.

"పాపం, ఊపిరన్నా తీసుకోనీ అబ్బాయిని. నిన్న పెట్టె విప్పగానే పూజ చేసి హారతి కూడా ఇచ్చా. మోగకేం, అదే మోగుద్ది."

మోగకపోతే మునిగేది నేను కదా తల్లీ అని లోపలే పళ్లు నూరుకుంటూ, మాలిక్ సెల్ తీసి రహమాన్‌కి ఫోన్ చేశాడు.

"సెట్టు వైపు కొస పీకి చూడరా. ఎర్రగా ఉందా?"

మాలిక్ పీకి చూశాడు. "ఎర్రగానే ఉంది భాయ్."

"మరీ దగ్గర పెట్టుకుని చూడకు, కళ్లకి మంచిది కాదు. ఎర్రగా ఉందంటే వెలుగొస్తున్నట్టే. వైరు బాగానే ఉంది. ఇంకేదో నువ్వే తగలేశావు." అవతల ఫోన్ పెట్టేశాడు.

మాలిక్ ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాడు. సెట్టింగులన్నీ మార్చి చూశాడు, మళ్లీ మొదటికి తెచ్చాడు. ఇంకో మూడుసార్లు కొస పీకి దూరం నుంచే చూశాడు. మూడుసార్లూ ఎర్రగానే ఉంది. తీసుకెళ్లి దాన్ని బావిలో పారెయ్యాలనిపించింది.

వీధిలో కారు హారన్ మోగింది. బుల్లయ్య ముఖం మాడిపోయింది.

"వచ్చేశాడు. ఇంక చాల్లే, సర్దెయ్. మా బావ కంటపడకముందే అన్నీ పెట్టెలోకెళ్లాల."

మాలిక్‌కి ఏడుపొక్కటే తక్కువ. ల్యాప్‌టాప్ కట్టేశాడు. కేబుల్ రెండువైపులా పీకి చుట్టబోయి, ఆగిపోయాడు. తీగ అతని చేతిలోనే ఉంది. ఎక్కడా తగిలించి లేదు.

కొస మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

కంటికి ఆనించుకుని చూశాడు. గోటితో గీకబోయాడు.

"అయ్యయ్యో, చెరపమాక నాయనా!" కోటిరత్నం ఒక్క పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "ప్రాణమంతా ఆ కొసలోనే ఉందన్నావంటగా, మూత పీకి మరీ కుంకుమ బొట్టు పెట్టా!"