మొద్దు గాలం

షార్జాలోని ఆ దుకాణంలో లింబాద్రి గాలపు కర్రలను ఒక్కొక్కటే ఊపి చూస్తున్నాడు. అమ్మే రాజేశంది కోరుట్ల. ఊరి మాట వినబడేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

"గిది కార్బన్‌దన్నా. దినమంతా ఇసిరినా చెయ్యి గుంజదు. ఒడ్డు మీదికెళ్లి దూరం పోవాల్నంటే గీ పొడుగుదే తీస్కో."

"బరువు పడితే ఇరుగుతదా?"

"పెద్ద చేపలకే చేసిండ్రు. వంగుతది గని ఇరగదు."

లింబాద్రి కొస పట్టుకుని వంచి చూసి, సరేనన్నాడు. రాజేశం గాలాల డబ్బా తెరిచి, మెరుస్తున్నదొకటి తీశాడు.

"గింత మొన వద్దు. మొద్దుది లేదా?"

రాజేశం నవ్వాడు. "మొద్దు గాలానికి చేప పడుతదా? ఇంతకూ ఏం చేపకే అన్నా?"

లింబాద్రి కర్రను బల్ల మీద పెట్టాడు.

"మా తమ్ముడు బండల మీదికెళ్లి జారి సముద్రంల పడ్డడు. పడవలోల్లు దేవులాడుడు బంద్ జేసిండ్రు. మా చందుర్తి చెర్వుల మునిగినోల్లు తేలి ఒడ్డుకొస్తరు. ఈడ రోజూ పొయ్యి చూస్తున్న, వస్తలేడు. ఊర్ల మరదలేమో, కండ్ల చూడంది బొట్టు తియ్యనంటున్నది."

రాజేశం డబ్బాలోంచి పెద్ద గాలం ఏరి, ఆకురాయి తీసుకుని దాని మొన అరగదీయసాగాడు. కాసేపటికి ఆపి, లింబాద్రి చేతిలో పెట్టాడు.

లింబాద్రి దాన్ని తన అరచేతికి గట్టిగా ఒత్తి చూసుకుని, తిరిగి ఇచ్చాడు.

"ఇంకింత అరగదియ్యి తమ్మీ. అంగీకి తట్టుకుంటే సాలు. పెయ్యికి గుచ్చుకోవద్దు."