తొంభై రెండు పూసలు

“తొంభై రెండు రోజులూ ట్యాంకరు వచ్చిందా?” అని సత్యశ్రీ మూడోసారి అడిగింది. కాలనీవాళ్లందరూ ముసలి అచ్చియమ్మ వైపు ఓసారి చూసి తలలు దించుకున్నారు.

సామాజిక తనిఖీకి వచ్చిన సత్యశ్రీకి ఒళ్లు మండింది. నర్సీపట్నం శివారులోని ఆ కాలనీకి మార్చి నుంచి మే దాకా రోజూ నీళ్లు తోలానని కాంట్రాక్టరు బుల్లిబాబు రిజిస్టరు నిండా టిక్కులు పెట్టాడు. ట్యాంకరు నడిపేదీ తనే, టిక్కులు పెట్టేదీ తనే. వచ్చింది నలభై ఒక్క రోజులేనని ట్యాంకరుకి బిగించిన జీపీఎస్ చెబుతోంది. అది పాడైపోయిందని అతగాడి వాదన. ఇంకో సాక్ష్యం దొరక్కపోతే వచ్చే వేసవికీ కాంట్రాక్టు అతనిదే, వీళ్లకి మళ్లీ బోరింగు దగ్గర బురదనీళ్లే.

“అందరూ ఇలా భయపడితే ఎలాగండీ?” అంటూ ల్యాప్‌టాప్ మూసేసింది.

అప్పుడు లేచింది అచ్చియమ్మ. ఏటికొప్పాకలో పుట్టిన మనిషి, లక్కపూసలు గుచ్చి అమ్ముకుంటుంది. చదువు రాదు. లోపలికి వెళ్లి ఓ పొడవాటి దండ తెచ్చింది.

“ట్యాంకరు వత్తే ఎర్రపూస, రాకపోతే పసుపుపూస. ఈ ముడి కాడ మార్చి మొదలమ్మా.”

సత్యశ్రీ నవ్వాపుకుంటూ ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచింది. ఒక్కో పూసా జరుపుతూ జీపీఎస్ తేదీలతో సరిచూసింది. పదో పూసకి నవ్వు పోయింది. నలభయ్యో పూస దగ్గర ఆగి మళ్లీ మొదటి ముడి నుంచి సరిచూసింది. ఆఖరి దాకా ఒక్క తేడా లేదు. ఎర్రవి నలభై ఒకటి, పసుపువి యాభై ఒకటి. తను రెండేళ్లు కూర్చుని నేర్చుకున్న తనిఖీ విద్యని ఈ ముసలావిడ ఒక దారంతో చేసేసింది!

“మామ్మా, ఈ దండ ఇస్తారా? ఇంతకంటే రుజువు లేదు.”

“ఇత్తే ఆడినేటి సేత్తారు?”

“కాంట్రాక్టు పోతుంది. కేసు కూడా పెడతారు.”

అచ్చియమ్మ ఎర్రపూసల్ని వేలితో చాలాసేపు తడిమింది. వీధిలో వరసగా పెట్టిన ఖాళీ బిందెల్ని చూసింది. దండ తీసి సత్యశ్రీ చేతిలో పెట్టింది.

“బేగి ఎల్లమ్మా. నా మనసు మారిపోతాది.”

సత్యశ్రీ వంగి ఆమె కాళ్లకి దండం పెట్టింది. “ఒక్క రోజూ మర్చిపోలేదు. నీళ్ల లెక్క పెట్టాలని మీకెలా తోచింది మామ్మా?”

“నీళ్ల లెక్క కాదమ్మా, నా కొడుకు ఇంటికొచ్చిన రోజుల లెక్క.”