ఎండ్రకాయ ఇంటిదారి

మన ఒంట్లో ఎర్రటి ఏరొకటి పారుతుంది. చదువుకున్నవాళ్ళు దాని నీటిని ప్లాస్మా అంటారు, పోనివ్వండి. ఆ ఏట్లోని ఎండ్రకాయకు తను పుట్టిన కాలేయపు కొండ మీదే బెంగ. కానీ ఒంటిని కొరికేవాణ్ణి పట్టుకున్న ఎండ్రకాయనే ఏరు అక్కడికి చేరుస్తుంది. చేరాక ఇద్దరూ కరిగిపోవాల్సిందే.

ఒంట్లో చొరబడ్డ క్రిముల్ని కొరికి తినే ఎలుక ఒకటి ఆ ఏట్లోనే ఉంది. ఓ రోజు అది క్రిములన్నిటినీ తినేసి, ఆశ చావక ఊపిరితిత్తుల మెత్తటి గోడ మీద పడింది.

"పనైపోయిందిగా మామా, ఇక ఆపు," అంది ఎండ్రకాయ.

"నా పళ్ళు ఊరుకోవు పిల్లా!"

"అయితే ఇది కొరుకు," అని కాలు చాచింది. ఎలుక కొరికింది. డెక్క టక్కున మూసుకుంది.

"వదలవే!"

"వదలడం మా ఇంటావంటా లేదు మామా. పద, మా ఊరు చూద్దువుగాని."

కొండ కనబడగానే ఎలుక ఏడ్చింది. ఎండ్రకాయ మాత్రం కరిగిపోతూనే, "అమ్మా, వచ్చేశా," అంది.